నాలుగని రాయి

ఫర్వానియాలో ఆగస్టు.
బయట దుమ్ముగాలి, లోపల ఏసీ గాలి.
రెండూ పడవు పెంచలమ్మకి.
ఎడమ రొమ్ము కింద మొదలై వీపు దాకా
సగం వడ్డాణంలా పాకింది అక్కి.
రవిక గుడ్డని రెండు వేళ్ళతో
ఒంటికి తగలకుండా ఎత్తి పట్టుకుని కూర్చుంది,
కాలే గిన్నె మూత పట్టుకున్నట్టు.

నా పని గళ్ళు నింపడం.
వయసు: యాభై ఎనిమిది.
పొక్కులు లేచి: ఐదు రోజులు.
మూడు రోజుల్లోపే మింగాల్సిన మాత్ర అది.
ఆ మాట నేను అనలేదు, ఆమే అంది:
"మామా ఇంట్లో పెండ్లి.
నూటెనభై మందికి మచ్బూస్.
యాడ తీరుతాది పాపా?"
ఆ పెళ్ళికి ఫారంలో గడి లేదు.

నొప్పి ఎలా ఉంది?
"సలుపు. కాదు, పోటు.
మద్దేన్నం నిప్పుల మీద ఉప్పేసినట్టు చిటపట.
నడిజామున ఎవురో నరం పట్టుకోని
గుంజి గుంజి ఇడిసిపెట్టినట్టు."
గళ్ళు మూడే: మంట, గుచ్చుడు, కరెంటు.
మూడింటికీ టిక్కు పెట్టాను.
చిటపట మిగిలిపోయింది.

డాక్టరమ్మ పేరు దలాల్.
వినగానే ఉలిక్కిపడింది పెంచలమ్మ.
"మళ్ళా దలాలా?
ఒకడికి డెబ్బైవేలు కట్టే గదా వచ్చినా!"
వీళ్ళ భాషలో దలాల్ అంటే గారాబం అని చెప్పాను.
"గారాబమా! కువైట్‌లోనా!"
నవ్వబోయి పక్క పట్టుకుంది.

దలాల్ నడిపే మిషను
రెండువేల మూడొందల మంది అక్కిని చదివింది.
మచ్చ మానినా నొప్పి ఎవరిలో ఉండిపోతుందో
మూడు నెలల ముందే చెబుతుంది.

సున్నా నుంచి పదిలో ఎంత?
"నాలుగని రాయి."
ఆమె మొహంలోకి చూశాను.
"పది రాస్తే కఫీల్ ఇఖామా కొట్టేసి
టికెట్టు చేతిలో పెడతాడు.
చీటీ ఇంగా పదకొండు నెల్లుండాది."

నాలుగు కొట్టాను: ముప్పై ఏడు శాతం.
చెరిపి తొమ్మిది కొట్టాను: డెబ్బై ఒకటి.
ఏది చెప్తే అది నమ్ముతుంది పాపం.
దానికి చేతులు కనపడవు,
రవికని ఎత్తి పట్టిన ఆ రెండు వేళ్ళు.

"డెబ్బై ఒగటంటే?"
నీలాంటోళ్ళు వందమందిలో డెబ్బై ఒక్కరికి ఉండిపోతుంది.
"నేను ఆ డెబ్బైలోనా, మిగిలినోళ్ళలోనా?"
నేను దలాల్ వైపు చూశాను.
దలాల్ తెర వైపు చూసింది.
తెర మా ఇద్దరినీ చూసింది.

మాత్ర చీటీ రాసేలోగా పెంచలమ్మే అందుకుంది:
"మా కుమ్మరి ఓబయ్య జాజు నూరి
అక్కి మింద సింహం రాసేవోడు.
ఇట్ల తల, అట్ల తోక.
రెండూ కలిస్తే మడిసి దక్కడనేవోడు."
తగ్గేదా?
"పొక్కులు మాడేవి.
నొప్పి ఎంతుండాదని ఆయప్ప ఎప్పుడూ అడగలా.
మీ మిషను అడుగుతాండాది. అంతవరకు మేలే."

తొమ్మిదే ఉంచాను.
నరాల మాత్ర ఆ రాత్రే మొదలైంది.
కఫీల్‌కి వెళ్ళే కాగితంలో
అంకె లేకుండా రాశాను,
వారం విశ్రాంతి, వంట చేయగలదు.
అబద్ధం ఏ గడిలో వేయాలో
నాకు ఎవరూ నేర్పలేదు.

నవంబరులో తొంభయ్యో రోజు ఫోను చేశాను.
వెనక కుక్కరు ఉడుకుతోంది.
"సింహం ఎల్లిపోయింది పాపా, గోళ్ళుండాయి.
రవిక తొడుక్కుంటాండా.
ఏసీ కింద మాత్రం నిలబడలేను."

ఉందా, లేదా? తెర అడుగుతోంది.
మూడు దాటితే ఉన్నట్టే లెక్క దానికి.
ఎంత వేయమంటావు పెంచలమ్మా?
కుక్కరు విజిలేసింది. ఇంకోటి వేసింది.
మంట తగ్గించి వచ్చి చెప్పింది:

"ఈసారి నిజంగానే నాలుగు."